ఊరికే ఎత్తిన ఫోను

మాస్టారు పోయారు. మొన్న పొద్దున మెట్టుగూడలో వాళ్ళ ఇంటి వరండాలో, కుర్చీలో కూర్చునే పోయారట. టీ చల్లారిపోతోందని చెప్పడానికి వచ్చిన మేనకోడలు చూసేసరికి ఆయన లేరు. ఆ అమ్మాయే నాకు సెల్లులో చెప్పింది. "అంకుల్, మావయ్య..." అని ఆగిపోయింది. నాకు అర్థమైంది. అయినా "హలో, హలో, వినపడుత లేదమ్మా" అంటూనే ఉన్నాను. జీవితమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిపినవాణ్ణి కదా, చెడ్డ కబురు వస్తే ముందు నెపం లైను మీదికే నెట్టేస్తాను.

పేపర్లో చిన్న ఫొటో కూడా పడలేదు. పడాల్సినంత గొప్ప పనులు ఆయన చేశారని నేనూ అనను. సభలు పెట్టి శాలువాలు కప్పించుకునే రకం కాదు, కప్పబోయినా చలిగా లేదని వద్దనేవారు. నాకు ఆయన కావాలి, ఇక లేరు, ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను. అంతే.

మాస్టారంటే బడిపంతులు కాదు. సికింద్రాబాదులో ఒక పాత ఎక్స్ఛేంజిలో, స్విచ్‌రూములో పనిచేసేవారు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే బాధ్యత ఎప్పుడూ ఆయన నెత్తిన పడేది, అందుకని ఆ పేరు వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. మాది బన్సీలాల్‌పేట. మా అబ్బా గడియారాలు బాగుచేసేవాడు. నాకు ఆ ఉద్యోగం వచ్చినప్పుడు అబ్బా, "అది సుత పెద్ద గడియారమే అనుకో బేటా. చక్రాలుంటయ్, స్ప్రింగులుంటయ్, భయమెందుకు?" అని ధైర్యం చెప్పి పంపించాడు.

లోపల అడుగు పెట్టగానే అబ్బా మాట మీద నమ్మకం పోయింది. హాలు నిండా నేల నుంచి కప్పుదాకా ఇనుప ర్యాకులు. వాటి నిండా వరసలు వరసలుగా బూడిదరంగు మూతలు, ఆ మూతల కింద ఒకటే టకటక. పొద్దున ఆఫీసులు తెరిచే వేళ. ఊరంతా ఒకేసారి ఫోన్లు ఎత్తే సమయం. పక్కన నిలబడినవాడు అరిచినా వినపడేలా లేదు.

"ఏందీ గీ లొల్లి?" అన్నాను బెదిరిపోయి.

"లొల్లి కాదు తమ్ముడూ. ఊరు మాట్లాడుకుంటా ఉంది," అన్నారు మాస్టారు. నా కాళ్ళవంక చూసి, "ముందు ఆ చెప్పులు బయట ఇడిచి రా. మనకి దుమ్ముని మించిన శత్రువు లేదు," అన్నారు.

నా మొదటి పాఠం ఆ రోజే. ఆ మూతల కింద ఉండే యంత్రాన్ని సెలెక్టర్ అనేవాళ్ళు, ఒకదానికి మూత తీసి నన్ను దాని ముందు నిలబెట్టారు. తను వెళ్ళి బల్ల మీద ఉన్న ఫోను ఎత్తి, నావైపు చూస్తూ ఒక్కొక్క అంకే నెమ్మదిగా డయల్ తిప్పారు. ఆయన అక్కడ నాలుగు తిప్పితే ఇక్కడ నా ముక్కు ముందు ఒక ఇత్తడి కడ్డీ టక్ టక్ టక్ టక్ అని నాలుగు మెట్లు ఎక్కింది. ఎక్కి పక్కకు తిరిగి ఆగింది. నేను నోరు తెరుచుకుని చూశాను. అక్కడ వేలు, ఇక్కడ కడ్డీ. మధ్యలో ఒక తీగ తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పటి పిల్లలకు ఈ సంగతి తెలియదు కనుక కాస్త చెప్పాలి. ఊళ్ళో ఎన్ని ఫోన్లుంటే మా ఎక్స్ఛేంజిలో అన్ని చిన్న స్విచ్చిలు ఉండేవి, ఇంటికొకటి చొప్పున. మీరు ఇంట్లో ఫోను ఎత్తగానే ఇక్కడ మీ స్విచ్చి గిర్రున తిరిగి, ఖాళీగా ఉన్న సెలెక్టర్‌ను వెతికి పట్టుకునేది. అప్పుడు మీ చెవిలో గుంయ్‌మని డయల్ టోను వినపడేది. మీరు మొదటి అంకె తిప్పితే ఆ సెలెక్టర్ అన్ని మెట్లు ఎక్కి, ఆ వరసలో ఖాళీగా ఉన్న మరో సెలెక్టర్‌కు మిమ్మల్ని అప్పగించేది. రెండో అంకె దాని పని. చివర ఉన్నది ఒక అంకెకు పైకి ఎక్కి, ఇంకో అంకెకు పక్కకు జరిగి, మీరు పిలిచినవాళ్ళ ఇంట్లో గంట మోగించేది. మాట్లాడటం అయిపోయి మీరు ఫోను పెట్టేస్తే అన్నీ దిగి ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయేవి. మీ చిన్న స్విచ్చి కూడా గిర్రున తిరిగి ఇంటికి చేరేది. స్విచ్చి మొదట ఉండే చోటును మేం 'ఇల్లు' అనే అనేవాళ్ళం.

"నంబరంటే ఏవనుకున్నావ్? అది దారి," అనేవారు మాస్టారు. "మనిషి వేలుపెట్టి దారి చెప్తన్నాడు, ఇయ్యి నడుస్తన్నాయి."

ఇప్పుడు సెల్లులో పేరు నొక్కితే చాలు. దారి తెలియనక్కర్లేదు, నంబరు గుర్తుండక్కర్లేదు. నా భార్య నంబరు నాకు రాదు. అడిగితే సెల్లులో చూసి చెబుతాను. సిగ్గుగా ఉంటుంది కానీ నిజం.

పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి తుడుద్దామని ఒక సెలెక్టర్‌ను ర్యాకు నుంచి లాగబోయాను. మాస్టారు గబుక్కున నా మణికట్టు పట్టుకున్నారు. అది మెట్లెక్కి నిలబడి ఉంది. నేను చూసుకోలేదు.

"ఎవరో మాట్లాడుకుంటన్నారు," అన్నారు.

"ఎవలో, ఏం ముచ్చటో, మనకేం తెల్సు మాస్టారూ? మల్ల చేసుకుంటరు," అన్నాను. పని తొందరగా ముగించుకుని క్యాంటీనుకు పోవాలని నా ఆరాటం.

"తెలవదు గనకే ముట్టుకోకూడదు. మళ్ళీ చేసే వీలుందో లేదో నీకేం తెలుసు? ఎత్తినోళ్ళే పెట్టాలి తమ్ముడూ. మనం కాదు."

ఎన్నో పాఠాలు చెప్పారు. స్ప్రింగు ఎంత వంచాలి, నూనె ఎంత వెయ్యాలి, ఏ చప్పుడు వస్తే ఏది అరిగినట్టు. అవన్నీ ఆ యంత్రాలతోపాటే పనికిరాకుండా పోయాయి. ఈ ఒక్కటీ నాతో ఉండిపోయింది. ఎవరైనా ఫోనులో ఎంత విసిగిస్తున్నా నేను ముందు పెట్టను. మా ఆవిడకు ఇది చాదస్తం.

మాస్టారి అలవాట్లు చెప్పాలంటే నవ్వొస్తుంది. పొద్దున రాగానే తన వరసలో మొదటి ర్యాకును రెండు వేళ్ళతో తట్టేవారు, ఎడ్లను తట్టినట్టు. స్విచ్చిలు తుడవడానికి ఇచ్చిన మెత్తటి తోలుగుడ్డతోనే కళ్ళజోడు తుడుచుకునేవారు. ఎవరైనా చూస్తే, "ఇది కూడా డిపార్ట్‌మెంటు పనే. నాకు కనపడకపోతే పనెట్టా చేస్తా?" అనేవారు. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం ఎప్పుడూ ఒంటరిగా తినలేదు. నా డబ్బాలో ఏముందో ఆయనకు ఎక్కువ ఆసక్తి. మా అమ్మీ చేసిన ఖీమా ఉన్న రోజు నాకు మిగిలేది కాదు.

మెట్టుగూడలో వాళ్ళింటికి భోజనానికి నన్ను లాక్కెళ్ళేవారు. ఆయన్ని మాస్టారని, ఆయన భార్యను వదిన అని పిలిచేవాణ్ణి.

"ఇదేం వరస తమ్ముడూ? ఆయన మాస్టారైతే నేను పంతులమ్మనవ్వాలిగా?" అనేది ఆమె.

"పంతులమ్మ అంటే మీరు ముసలోళ్ళయిపోతరు వదినా," అనేవాణ్ణి.

"చూశారా, మీరు ముసలోళ్ళయినా పర్లేదంట, నేను కాకూడదంట!" అని మాస్టారి వైపు తిరిగి నవ్వేది.

వదిన మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాడికి తలూపడం తప్ప ఇంకో పని ఉండేది కాదు. చర్చి సంగతులు, పక్కింటి సంగతులు, చేపల ధర, బోయిగూడలో బట్టలకొట్టువాడి మోసం, అన్నీ ఒకే ఊపిరిలో. రంజాన్ నెలలో పట్టపగలు నన్ను భోజనానికి కూర్చోబెట్టి, విస్తరి వేసి, అన్నం వడ్డించాక నేను ఉపవాసమని గుర్తొచ్చి నెత్తి కొట్టుకునేది. ఏటా అదే. మాస్టారు పక్కన కూర్చుని ఆ మాటల కింద హాయిగా తినేవారు. "ఎక్స్ఛేంజిలో మోత, ఇంట్లో మోత. నాకు నిశ్శబ్దమంటే ఏందో తెలవదు తమ్ముడూ," అనేవారు. ఆ మాటలో ఎంత గర్వముండేదో!

ఆ మోత ఒకరోజు ఆగిపోయింది. వదినకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కాలు కొంచెం కదిలింది, మాట మాత్రం తిరిగి రాలేదు. అన్నీ అర్థమయ్యేవి, చెప్పబోతే "ఆఁ" అనే ఒక్క శబ్దం వచ్చేది. అంకెలు కూడా ఆమెను విడిచిపోయాయి. రెండు అని మనం వేళ్ళు చూపిస్తే ఆమె అయిదూ చూపించి, తప్పని తనకే తెలిసి, ముఖం తిప్పుకునేది. అంత మాటకారి మంచం మీద మౌనంగా కూర్చుని ఉంటే నేను ఆ ఇంట్లో నిలబడలేకపోయేవాణ్ణి. ఏదో పనుందని లేచి వచ్చేసేవాణ్ణి.

పగలు పక్కింటావిడ వచ్చి అన్నం తినిపించి పోయేది. మిగతా సమయం వదిన ఒంటరి. ఇంట్లో ఫోనుంది, ఎక్స్ఛేంజి మనిషి ఇల్లు కదా. ఏం లాభం? మాట్లాడలేని మనిషికి, నంబరు తిప్పలేని మనిషికి ఫోనెందుకు? మాస్టారు డ్యూటీలో ఉంటే ఉన్నట్టు ఉండేవారు కాదు. ఒకే సెలెక్టర్‌ను పొద్దంతా తుడిచేవారు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన ఏదో వరసలో పని చేస్తూ చటుక్కున ఆగిపోయారు. ఎదురుగా ఉన్న చిన్న స్విచ్చి గిర్రున తిరిగింది. క్షణం ఆగి మళ్ళీ ఇంటికి చేరింది. మాలో ప్రతివాడికీ తన ఇంటి స్విచ్చి ఏ ర్యాకులో ఎక్కడుందో తెలుసు. అది మాస్టారి ఇంటిది. ఇంట్లో ఉన్నది వదిన ఒక్కతే. ఆమె ఎడంచేత్తో ఫోను ఎత్తి పెట్టింది.

ఆయన అక్కడే నిలబడ్డారు. స్విచ్చి ఇంకోసారి తిరిగింది, ఇంకోసారి చేరింది. మాస్టారు నావైపు తిరిగి, "తమ్ముడూ, మీ వదిన!" అన్నారు. వాకిట్లోకి మనిషి వచ్చినట్టు అన్నారు. ఆయన గొంతు అంత పైకి లేవడం నేను అంతకుముందు వినలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆమెకు చెప్పారట, నువ్వు ఎత్తితే నాకక్కడ కనపడుద్ది అని. ఆమె సగం మూతితో నవ్విందట. అప్పటి నుంచి వాళ్ళకదే మాట. ఫోను మంచానికి ఎడమ పక్కకు మారింది. మధ్యాహ్నం ఒకసారి ఎత్తి పెడితే అన్నం తిన్నానని. ఎత్తి పెట్టకుండా పట్టుకుంటే ఇంటికి రమ్మని. వెంటనే రెండోసారి ఎత్తితే ఏమిటో నాకు తెలియలేదు, ఒకరోజు అడిగాను.

"రెండోసారి ఎందుకు లేపింది మాస్టారూ? ఏమన్న తక్లీఫా?"

"ఏం లేదోయ్. ఊరికే."

"ఊరికేనంటే?"

"ఊరికేనంటే ఊరికే! నీకు పెళ్ళయితే తెలుస్తది పో."

ఆయన ఎవరికీ చెప్పకపోయినా స్విచ్‌రూములో అందరికీ తెలిసిపోయింది. అన్నం వేళకు ఆ స్విచ్చికి అడ్డంగా ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. ఆ వరసలో ఎవరికైనా పనుంటే ముందో వెనకో చూసుకునేవాళ్ళు. యూనియన్ల పేరిట రోజూ కొట్లాడుకునేవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో మాట్లాడకుండా పక్కకు జరిగేవాళ్ళు.

మొదటి వానలు పడిన రోజు ఆ స్విచ్చి తిరిగి అలాగే నిలబడిపోయింది. ఇంటికి చేరలేదు. రమ్మని! మాస్టారు చెప్పి పోవడం కూడా మరిచి, జోరువానలో సైకిలెక్కి వెళ్ళిపోయారు. నేను ఆయన వెనకాలే ఇంకెవరిదో స్కూటరు తీసుకుని పోయాను. మేం నీళ్ళు కార్చుకుంటూ లోపలికి వెళ్ళేసరికి వదిన నిద్రపోతోంది. ఫోను దాని చోట అది బుద్ధిగా ఉంది. అప్పటికి గానీ మా ఇద్దరికీ బుర్ర వెలగలేదు. భూమిలో కేబులు అతుకు దగ్గర నీళ్ళు చేరితే రెండు తీగలూ కలిసిపోతాయి, ఎవరో ఫోను ఎత్తినట్టే స్విచ్చి తిరిగి నిలబడిపోతుంది. వానాకాలం మాకది రోజూ ఉండే గోల. ఏ వీధి లైను అలా నిలబడ్డా 'కేబుల్లో నీళ్ళు' అని కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మాస్టారు, తన ఇంటిది నిలబడగానే అంతా మరిచిపోయారు. వదిన కళ్ళు తెరిచి, గుమ్మంలో కోడిపిల్లల్లా తడిసి నిలబడ్డ మమ్మల్ని చూసింది. ఏమైందో చెబితే మంచం ఊగేలా నవ్వింది. మాట పోయాక ఆమె నవ్వగా నేను వినడం అదే మొదలు.

తర్వాత వాన వచ్చినప్పుడల్లా అదే జరిగేది. స్విచ్చి నిలబడేది, మాస్టారు సైకిలు తీసేవారు.

"వాన మాస్టారూ! పరేషాన్ కాకుండ్రి, కేబుల్లో నీళ్ళే గదా," అనేవాణ్ణి.

"వానో, మనిషో ఇక్కణ్ణించి చూస్తే ఎట్టా తెలుస్తది? పోయి చూడాల్సిందే," అనేవారు.

అలా ఎన్నిసార్లు వెళ్ళారో. ఎన్నిసార్లు జీతం కోత పడిందో కూడా. వదిన మాత్రం మబ్బు పట్టగానే కిటికీ వైపు తిరిగి కూర్చునేదని పక్కింటావిడ చెప్పింది. వానొస్తే ఆయనొస్తాడు. ఊరు మొత్తంలో వాన కోసం అంతగా చూసిన మనిషి ఇంకొకరు ఉండరు.

ఆ రోజులు కూడా అయిపోవచ్చాయి. పక్క హాల్లో కొత్త ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి పెడుతున్నారన్నారు. మేమంతా సంబరపడ్డాం, అబద్ధం ఎందుకు? దుమ్ము తుడిచే బాధ ఉండదు, నూనె మరకలు ఉండవు, చల్లటి గదిలో పని. మాస్టారు ఒకసారి వెళ్ళి చూసి వచ్చారు.

"ఎట్లున్నది మాస్టారూ?"

"బాగుంది. బీరువాల్లాగా నిలబడి ఉన్నాయి. కదిలేదేమీ లేదు," అన్నారు.

నాకు అప్పుడు తట్టింది. కదిలేదేమీ లేకపోతే వదిన ఫోను ఎత్తినట్టు ఈయనకు కనపడేదెట్లా? ఆమె ఆయనతో మాట్లాడే దారి అదొక్కటే. అది పోతే ఆమెకు మాట రెండోసారి పోయినట్టే. మేం నలుగురం కూడి ఏదో ఒకటి చేద్దామనుకున్నాం. కొత్తదాంట్లో ఏర్పాటు ఉంటుందట, అక్కడ ఫోను ఎత్తగానే ఇక్కడ మన బల్ల మీద గంట మోగేలా పెట్టొచ్చునట. మాస్టారితో చెబితే తల అడ్డంగా ఊపారు.

"మోగితే అందరికీ వినపడుద్ది. తిన్నదో లేదో లోకమంతా ఎందుకు వినాలి? అది మా ఇద్దరిదీ."

"మరి ఎట్ల మాస్టారూ?"

"చూద్దాంలే," అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

పాత ఎక్స్ఛేంజి ఆగిపోయిన కొద్దిరోజులకే ఆయన ఉద్యోగం మానేశారు. ప్రమోషను రాబోతోంది, సర్వీసు ఇంకా చాలా ఉంది. పిచ్చా అన్నారు అందరూ. ఆయన మాత్రం ఇంట్లో, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వంట నేర్చుకున్నారు. చేపల పులుసు మొదట్లో దారుణంగా ఉండేది, తర్వాత తినగలిగేలా అయింది. వదిన పోయేదాకా ఆ కుర్చీ అక్కణ్ణించి కదలలేదు.

ఆమె పోయాక నిశ్శబ్దమంటే ఏమిటో ఆయనకు తెలిసింది. నేను వెళ్ళినప్పుడల్లా రేడియో మోగుతూ ఉండేది, వినేవారని కాదు. ఒక వానాకాలం సాయంత్రం నాకు ఫోను చేశారు.

"ఏంది మాస్టారూ, మంచిగున్నరా?"

"బాగున్నా. వాన పడతా ఉంది ఇక్కడ. మీకు పడతా ఉందా?"

"ఇక్కడ సుత పడుతున్నది. ఏమన్న పనుండెనా?"

"ఏం లేదు తమ్ముడూ. ఊరికే చేశా."

ఆ తర్వాత ఇద్దరం ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాం. వాన చప్పుడు అటు నుంచి ఇటు వినపడుతూ ఉంది. ఎత్తినవాళ్ళే పెట్టాలి కనుక నేను పెట్టలేదు. చాలాసేపటికి ఆయనే పెట్టారు. అప్పటి నుంచి వాన పడితే నేను ఆయన ఫోను కోసం చూసేవాణ్ణి, దాదాపు ప్రతిసారీ వచ్చేది. ఈ వానాకాలం రాదు. పని ఉండి నాకు ఫోను చేసేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. ఊరికే చేసేవాళ్ళు ఇక లేరు.

సమాధుల తోటలో వదిన పక్కనే ఆయన్ని ఉంచారు. అందరితోపాటు నేనూ పిడికెడు మన్ను వేశాను. పాస్టరుగారు మంచి మాటలు చెప్పారు. నెమ్మదస్తుడు, కుటుంబాన్ని ప్రేమించినవాడు అన్నారు. అన్నీ నిజమే. కానీ పాస్టరుగారి వెనక నిలబడి వింటూ ఉంటే నాకు ఒకటే అనిపించింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎక్స్ఛేంజిలో ఏం జరిగిందో చూసినవాళ్ళలో అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

పాత ఎక్స్ఛేంజిని ఆపి, కొత్తదాన్ని మొదలుపెట్టిన ఆదివారం అది. కాసేపు ఫోన్లు పనిచేయవని ఊరికి ముందే చెప్పారు. పక్క హాల్లో పూలదండ, కొబ్బరికాయ, పెద్ద ఆఫీసర్లు. ఇక్కడ పాత హాల్లో మేం, చెప్పులు లేని కాళ్ళతో, ఎవరి వరస ముందు వాళ్ళం. సైగ చేయగానే మా మా వరసలో ఫ్యూజులు లాగేయాలి, ఆ వెంటనే అవతల కొత్తది అందుకుంటుంది. మాస్టారు నా పక్క వరసలో ఉన్నారు. ఆ వరసలోనే వాళ్ళ ఇంటి స్విచ్చి ఉంది.

వేళ దగ్గరపడేకొద్దీ జనం ఫోన్లు పెట్టేశారు. సెలెక్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. అంతటి మోత సన్నబడి సన్నబడి, ఇటొక టక్కు, అటొక టక్కు అయి, ఆగిపోయింది. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండగా మేమెవరమూ చూడలేదు. మా ఆఫీసరు, కుర్రవాడు, మంచివాడే, వరసలన్నీ చూసుకుంటూ వచ్చి మాస్టారి దగ్గర ఆగాడు.

"ఇదొకటి ఇంకా హోల్డ్‌లో ఉంది. ఎవరి లైన్?"

నేను కిటికీ వైపు చూశాను. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. వాన లేదు, కేబుల్లో నీళ్ళు లేవు. ఆమే.

"అనౌన్స్ చేశాం కదా. టైమ్ అయిపోతోంది, తీసేయండి," అన్నాడు ఆఫీసరు.

మాస్టారి వేళ్ళు ఫ్యూజు మీద ఉన్నాయి. "ఎత్తినోళ్ళు పెట్టాలి సార్," అన్నారు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మా ముఖాలు చూశాడు. ఏం అర్థమైందో, ఒకడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. మాస్టారు నావైపు చెయ్యి చాచారు. క్లిప్పులున్న టెస్టు ఫోను నా భుజానికి వేలాడుతోంది, ఇచ్చాను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన దాన్ని సొంత మాటకు వాడలేదు. క్లిప్పులు తన లైనుకు తగిలించారు. లైనులో డయల్ టోను మోగుతూనే ఉంటుంది, దాని మీదుగా మాట్లాడాలంటే గట్టిగా అనాలి. అందుకే మాకందరికీ వినపడింది.

"నేనేనే."

అటు నుంచి ఆ ఒక్క శబ్దమే వచ్చి ఉంటుంది.

"కనపడింది. నువ్వు ఎత్తింది నాకు కనపడింది... ఊఁ. రేపటినించి కనపడదు. అందుకే వచ్చేస్తన్నా. వారానికో నెలకో కాదే, ఇంక ఇంటికే వచ్చేస్తన్నా. విన్నావా? ఈ పని చాల్లే... పెట్టెయ్. నువ్వు పెడితేనే నేను బయల్దేరేది."

ఆయన ఫోను తగిలించి ఉన్నంతసేపూ ఆమె పెట్టినా స్విచ్చి కదలదు. ముందు ఆయన తీయాలి. మాస్టారు క్లిప్పులు ఒకటొకటిగా తీసి, టెస్టు ఫోను నా చేతికిచ్చి, స్విచ్చి ముందు నిలబడ్డారు. అది కదల్లేదు. పక్క హాల్లోంచి ఎవరో "రెడీయా?" అని అరిచారు.

స్విచ్చి గిర్రున తిరిగి ఇంటికి చేరింది.

ఆఫీసరు ఊపిరి వదిలి చెయ్యి ఎత్తబోయాడు. మాస్టారు కళ్ళు తిప్పకుండానే, "ఒక్క క్షణం సార్," అన్నారు.

అది మళ్ళీ తిరిగింది. ఆగింది. ఇంటికి చేరింది.

మాస్టారు నవ్వారు. కళ్ళజోడు తీసి తోలుగుడ్డతో తుడుచుకుంటూ, ఏంటని ఎవరూ అడగకుండానే, మా అందరికీ చెప్పారు: "ఏం లేదు. ఊరికే."